పందుల కంపు రాని పొద్దు

హలో… ఆ, నేనే మామయ్యా. పొద్దున్న ఆరింటికి ఈ రేడియో స్టేషన్లో డోరిన్ కాక ఇంకెవరుంటారు, గవర్నరా…

తెలుసు. మోగగానే నువ్వేననుకున్నా. వరసగా ఆరో రోజు కదా.

…లేదులే, విసుగేం లేదు. ఆరున్నరకి వాతావరణం చదవాలి, అందాకా నీ ఇష్టం. అడుగు.

…చల్లగానే ఉంటుంది. …ఆ, పొడిగానే. నిన్న చెప్పిందే మామయ్యా. కెనడా నుంచి దిగిన పొడిగాలి మన పడమటి విస్కాన్సిన్ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది, లేవమన్నా లేచేట్టు లేదు. ఇవాళ మంగళవారమా, శనివారం మధ్యాహ్నం దాకా చుక్క పడదు. ఆదివారం వానకి వందలో ముప్పై పాళ్ళు. పగలు చొక్కా, రాత్రి స్వెట్టరు. ఆగస్టు ఆఖర్లో ఇంతకన్నా ఏం కావాలి నీకు…

…మంచు సంగతా. తెల్లారుజామున పడుతుంది, పదింటికల్లా ఆరిపోతుంది. నిన్నా ఇదే అడిగావు. శుక్రవారం చంద్రుడి సంగతి అడిగావు. శనివారం ఫోన్ చేసి, పొడి అంటే ఎంత పొడి అన్నావు…

—నవ్వట్లేదు. సరే, నవ్వుతున్నాను.

మామయ్యా, నేనొకటి అడుగుతా… గడ్డి మూడో కోత కోశావా, లేదా.

…'చూస్తున్నా' అంటే, ఏం చూస్తున్నావు. నిన్న సాయంత్రం నీ చేను పక్కనుంచే వచ్చాను. గడ్డి నిండా ఊదాపూలు. ఎవరిదో పెళ్ళి చేస్తున్నావేమో అనుకున్నా. కోత అదను దాటి పదిరోజులైంది కదా… కాడలు ముదిరిపోవూ… జనవరిలో ఆ పుల్లలు వేస్తే నీ ముప్పై ఎనిమిది ఆవులూ నీ మొహం చూసి చీపురు నువ్వే తినమంటాయి.

…ఏంటీ. పాస్టరుగారా.

…ఆదివారం చర్చిలో వాన కోసం ప్రార్థన చేశాడు, నేనూ ఉన్నాగా. మొక్కజొన్నవాళ్ళు పోరుపెడితే చేశాడు. …అది ఫలిస్తుందేమోనని గడ్డి కొయ్యకుండా కూర్చున్నావా. మామయ్యా, ఆయన పోయిన నెల ఎండ కోసం ప్రార్థన చేసి చర్చి పిక్నిక్ పెట్టాడు, గుర్తుందా. బంగాళదుంపల సలాడ్ నీళ్ళలో తేలింది. ఆయన్ని చూసి భయపడేవాడివి జిల్లా మొత్తానికి నువ్వొక్కడివే.

…ఏం చెప్పమంటావు.

—అది చెప్పను.

…చెప్పను మామయ్యా. వందలో ఎన్ని పాళ్ళో చెప్తా, గాలి ఎటుందో చెప్తా. కొయ్యి అని మాత్రం చెప్పను. రేడియోలో ఇరవై రెండేళ్ళుగా బతికి బట్టకట్టానంటే అందుకే. ఒక్కసారి నోరుజారి 'గడ్డికి మంచి రోజులు' అన్నాను. ఒకేఒక్కసారి. మీ పక్కింటి లెరాయ్ నా మాట నమ్మి ముప్పై ఎకరాలు కోసి పడేశాడు, మర్నాడు కుంభవృష్టి. కుళ్ళిన గడ్డిమోపు తెచ్చి స్టేషన్ మెట్లమీద పడేసి పోయాడు. మోపులో ఎలకలు. ఒకటి నా సొరుగులో పిల్లల్ని పెట్టింది… నవ్వు, నవ్వు, నీకేం.

…నేనే కాదు, ఈ ఊళ్ళో ఎవరి గడ్డికి వాళ్ళే దిక్కు. నలభై ఆరేళ్ళు కోశావు కదా నువ్వు. కొత్తా ఏమన్నా.

…

…ఏమన్నావు, కాస్త గట్టిగా చెప్పు.

…అత్తా. అత్త చెప్పేదా.

…నలభై ఆరేళ్ళూనా. ప్రతి కోతా…

…ఆగాగు. సిగ్నే అత్త. వాతావరణం వస్తుంటే రేడియో కట్టేసే సిగ్నే అత్త. ఆ అమ్మాయికేం తెలుసు అనేది కదా నన్ను. తను దేన్నిబట్టి చెప్పేదీ…

…పందుల కంపా.

…లెరాయ్ పందుల కంపు. కాఫీ కప్పుతో వెనకమెట్ల మీద నిలబడి… ఆ… కంపు కొడితే లెరాయ్ దొడ్డి వైపునుంచి దక్షిణపు గాలి, వానొస్తుంది. కొట్టకపోతే పొడి. అంతేనా. నేను రెండేళ్ళు కాలేజీలో చదివింది ఇదే మామయ్యా, అప్పు చేసి మరీ.

…సరే, వెనకమెట్ల మీదకి వెళ్ళు. …ఫోన్ పట్టుకునే వెళ్ళు, తీగ లేదుగా దానికి. …వెళ్ళావా. పీల్చు. గట్టిగా.

…ఏం వాసన.

…కాఫీ. ఇంకా. …పందులు.

…లేవా. అసల్లేవా. మరి ఇంకేం కావాలయ్యా నీకు. మా స్టేషన్ సాక్ష్యం చెప్తోంది, లెరాయ్ పందులు సాక్ష్యం చెప్తున్నాయి. ఏడిశావులే, ట్రాక్టరెక్కు.

…

…కాదా. మరి…

…ఊఁ.

…ఊఁ. నాకు తెలీదు మామయ్యా. చెప్పు, వింటున్నా.

…కంపు సంగతి నీకూ తెలిసేదా. మొదటినుంచీ.

…నీ ముక్కు నీకుంది. అవును. …అయినా ఆవిడ అనేదాకా కదిలేవాడివి కాదు.

…జులైలో రెండో కోత కూడా. …పోవడానికి పదిరోజుల ముందు. ఆ మంచం కిటికీ దగ్గరికి జరిపించుకుని… కిటికీ తెరిపించి వాసన చూసిందా. అబ్బ. సిగ్నే అత్తే.

…ఏమనేది. అదే, చెప్పేటప్పుడు. 'కొయ్యి' అనేదా.

…మళ్ళీ చెప్పు, ఇక్కడ సంగీతం మోగుతోంది.

…'పోయి కొయ్యి, నా కాళ్ళకడ్డం పడకు.' అంతేనా. నలభై ఆరేళ్ళు అదేనా. ఇంకో ముక్క లేదా, ముద్దుముచ్చటా…

…నీకదే ముద్దా. సర్లే.

…ఏడవకు మామయ్యా. …ఏడిస్తే ఏడువులే, ఎవరున్నారక్కడ, ఆవులేగా. నాకూ వస్తోంది, ఇంకో ఆరు నిమిషాల్లో ఈ గొంతుతో చదవాలి నేను.

…

…విను. నేను వాతావరణం చెప్పే డోరిన్‌ని కాదు ఇప్పుడు. నీ మేనకోడల్ని. నీళ్ళు తాగి చెప్తా, ఉండు.

మామయ్యా. పోయి కొయ్యి. నా కాళ్ళకడ్డం పడకు.

…

…హలో.

…ఏమైందయ్యా, పలకవే. తప్పుగా అన్నానా. ఆవిడలా అనాలనుకోలేదు, ఊరికే…

—ఆ చప్పుడేంటి. తలుపా. మామయ్యా…

…ఫోన్ మెట్టుమీద పెట్టేసి పోయాడు. హలో. ఎవరికి చెప్తున్నాను, కుక్కకా… ఏయ్, నువ్వు మొరగకు, వినిపించట్లేదు నాకు…

…ట్రాక్టరు. …స్టార్టు కాలేదు. …ఇంకోసారి తిప్పు. …నెమ్మది. …ఆ. అయింది. వెళ్ళు. అటే, చేనుకేసే వెళ్ళు.

…పోయాడు. కోస్తున్నాడు. నా మాట మీద కోస్తున్నాడు.

…అయ్యో. ఇవాళ కోసి, రేపు తిరగేసి, శుక్రవారం మోపు కట్టాలి. నేనేం చేశాను… ఇరవై రెండేళ్ళు పాళ్ళు చదివాను, వాన పడితే పడిందనుకున్నాను. ఇప్పుడు చూడు, కిటికీలో ఆ బుల్లి మబ్బు ఎటు పోతోందో మెడ చాచి చూస్తున్నా.

దేవుడా, డోరిన్‌ని. వాన కోసం మా పాస్టరుగారు ఏదో అన్నాడట, పట్టించుకోకు. శుక్రవారం సాయంత్రం దాకా, నీకు దణ్ణం పెడతా, కాస్త ఆపుకో.

…మైకు ఎర్రలైటు వెలిగింది, వాతావరణం చదవాలి. పెట్టేస్తున్నా, కుక్కా.