ఐదిళ్లలో ఒక ఇల్లు

వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీలో, మేనేజర్ టీమ్ లీడర్‌ని తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"మన గేమ్ రెండు లక్షల కాపీలే అమ్ముడైందమ్మా. పక్క కంపెనీది పది లక్షలు. మీ టీమ్‌ని ఎత్తేస్తున్నారు."

"వాళ్లు గేమ్ చేసింది టీవీకి తగిలించే పాత కన్సోల్‌కి సార్. అది పది కోట్ల ఇళ్లలో ఉంది. మనం చేసిన కొత్త రకం కన్సోల్‌కి, అది ఉన్నదే పది లక్షల ఇళ్లలో. మనది ఐదిళ్లకి ఒకరు కొన్నారు. వాళ్లది వందిళ్లకి ఒకరు."

"పైవాళ్లకి ఈ లెక్కలు ఎక్కవు."

"కొత్తదానికే చెయ్యమని పట్టుబట్టింది మీరే కదా?"

"ఇంటింటికీ వస్తుందనుకున్నా. నా ఖర్మ."

"ఖర్మ మాది సార్. పోనీ, మీ ఇంటికైనా వచ్చిందా?"

"మా పిల్లలకి పాతదే అలవాటు."

"మూడేళ్లు గొడ్డుచాకిరీ చేయించుకుని, మా గేమ్ మొహం కూడా చూడలేదన్నమాట."