వాసన లేని ద్రాక్ష

హలో… ఆ, నేనే. మునిరాజు. కంటోన్మెంటు పోస్టాఫీసు నుంచి… మీ నాయన అంగట్లో ఉండాడా?… సరే, నువ్వే వినుకో, మునిలక్ష్మీ.

శుక్రవారం దొడ్డబళ్ళాపురంలో రైలుబండెక్కొద్దు… రావద్దంటే రావద్దు!… కోపం కాదు మే.

నా పని పోయింది.

…తాగి కాదు! నీకూ అదే మాటా? వైను నోట్లో పోసుకొని ఉమ్మేసినానే గానీ, ఒక్క గుక్కన్నా మింగినానా?… ఆ.

దొర వైను అంగడి అమ్మి వాళ్ళ సీమకు పాయె కదా. కొత్త యజమాని పరీక్ష పెట్టె. సీసాలకు గుడ్డ చుట్టి, గ్లాసుల్లో పోసి, ఏది ఏ ద్రాక్ష వైనో చెప్పమనె…

మొదటిది ముక్కు దగ్గర పెట్టుకొంటి. ఏ వాసనా లేదు. త్రెబ్బియానో అంటి… ఇటలీ ద్రాక్షలే. దానికి వాసనంటూ ఉండదు. అదే దాని గుర్తు… కరెక్టే! వీపు కూడా తట్టె.

రెండోదీ… త్రెబ్బియానోనే అంటి.

…నవ్వొద్దు. అది మస్కట్టు ద్రాక్ష. మూత తీస్తానే అంగడంతా మల్లెపూల వాసనంట! కసువూడ్చే గౌరమ్మ గుమ్మం కాడ్నుంచే "ఎంత కమ్మగా ఉండాదప్పా" అనె. నేనేమో వాసనే లేదంటి.

…జలుబు కాదు. నువ్వు కానుపుకు పోయినాక జ్వరమొచ్చె చూడు… అప్పట్నుంచే. పప్పు మాడినా తెలీదు. కాఫీ అయినా వేన్నీళ్ళయినా ఒకటే.

…చూపిస్తి. ఇంక రాదనె డాక్టరు… మొక్కుకుంటే ముక్కొస్తుందా, పిచ్చిదానా?

ఎవరికని చెప్పేది? ముక్కుతో బతికేవాణ్ణి నేను… నీకూ చెప్పలేకపోతి. భయమాయె.

తొట్లో వేసేనాడు వస్తి కదా… బిడ్డ తలకాయకు మూతి ఆనించి వదలకుంటే, మీయమ్మ "అబ్బ, ఎన్ని ముద్దులో" అనె… ముద్దు కాదు మే. వాసన వెతుకుతా ఉంటి.

…ఏడవద్దు. అంగట్లో జనం చూస్తారు.

…చంకలోనే ఉండాడా? ఇప్పుడే నీళ్ళు పోసినావా?… సాంబ్రాణి పొగ పట్టినావా… ఆ…

మునిలక్ష్మీ… వాని తల ఎట్లుంటాది, వాసన?… చెప్పు.

…పాల మాదిరా?

…

పాల వాసన ఎట్లుంటాదో… అదీ మర్చిపోతినే.

…ఫోను పెట్టేస్తా ఉండా—