మూడు రోజులు ఆగమన్న మాస్టారు

1994 జూన్ ఒకటవ తేదీ ఉదయం ఆకాశం పలచని మబ్బు కప్పుకొని, దుమ్ము అణగడానికి చాలి, దుక్కికి చాలనంత జల్లు కురిపించి వెలిసింది. తడిసిన చెప్పులు గుమ్మం బయట విడిచి, మన ఆసుపత్రి రక్తపరీక్షల విభాగంలో టైపిస్టుగా తొలి సంతకం చేసిన ఆనాటి యువకులే, ముప్పై ఒక్క సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్న మన మాస్టారు. కొత్తగా చేరినవారికి ఓపికగా టైపు నేర్పినందున ఆ పేరు వారికి నిలిచిపోయింది. రక్తనమూనాలు అందుకొనే గుమాస్తాగా ఆనాటి నుండి వారి పక్క బల్ల నాది కనుక, మన ఆసుపత్రి పత్రికకు ఈ నాలుగు మాటలు రాసే బాధ్యత నాకు అప్పగించారు.

టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు మేమందరం బెదిరితే, వారొక్కరే వాటి లోతు తెలుసుకొనడానికి పూనుకొన్నారు. కంప్యూటరుకూ, దానికి తగిలించిన ప్రింటరువంటి పరికరానికీ నడుమ మాట చేరవేసే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారనీ, అది సరిపడకపోతే రెండూ బాగానే ఉండి కూడా ఒకదాని మాట ఒకదానికి తెలియదనీ నాకు చెప్పినవారు వారే. కొత్త డ్రైవర్ వస్తే మొదట తమ కంప్యూటరులో మాత్రమే ఎక్కించి, మూడు రోజులు పని చేయించి చూసి, పాతదానికి తేదీ వేసి అల్మారాలోని పెన్‌డ్రైవులో దాచి, రిజిస్టరులో రాసిన తరువాతనే మిగిలిన ఇరవై రెండు కంప్యూటర్లనూ ముట్టుకొనేవారు.

"మాస్టారూ, మా వంతు నేను రిటైరయ్యేలోపు వస్తుందా?" అని పెద్ద నర్సు ఎత్తిపొడిచేది.

"నిన్న పనిచేసింది ఇవాళా పనిచేస్తోందిగా అమ్మా. దానికేం తొందర?"

"తొందర దానిక్కాదు, నాకు."

"మూడు రోజులు ఆగండి."

ఆరేళ్ల క్రితం వారి శ్రీమతి, మేమంతా వదినగారని పిలిచే ఇల్లాలు, మన ఆసుపత్రి మూడో అంతస్తులోనే మంచం పట్టారు. మాస్టారు సెలవు పెట్టి ఆమె పక్కన కూర్చున్నారు. ఒక ఉదయం, రక్తపు సీసాలకు అంటించే చీటీల ప్రింటరుకు కొత్త డ్రైవర్ వచ్చిందని నా తెరమీద కనిపించింది. అలాంటి సమయంలో వారిని కదిలించడం ఎందుకని నేనే సరే అని నొక్కాను. ఒకదానికి కాదు, నా తెర నుంచే ఇరవై రెండింటికీ. పాతవి చెరిపేయాలా అని అడిగితే దానికీ సరే అన్నాను.

పావుగంటలో చీటీలమీద బార్‌కోడు గీతలు చెదిరి రావడం మొదలైంది. చదివే యంత్రం వాటిని చదవలేదు. ఏ సీసా ఎవరిదో చేత్తో రాసుకుంటుండగానే బల్లమీద అరవై పోగుపడ్డాయి. ఆపరేషను గది నుంచి బ్లడ్ గ్రూపు చెప్పమని రెండుసార్లు ఫోను. నేను మెట్లెక్కి వెళ్లాను. గుమ్మంలో నా ముఖం చూసి, వదినగారి చేతిలోంచి తమ చేయి తీసుకొని, "ఇప్పుడే వస్తాను" అని ఆమెతో చెప్పి లేచారు.

అల్మారా తెరిచి పాత డ్రైవరు తీశారు. ఒక్కొక్క కంప్యూటరు ముందూ కూర్చొని కొత్తది తొలగించి, పాతది ఎక్కించారు. గంటా పది నిమిషాలు పట్టింది. "ఎవరి నిర్వాకమిది?" అని సూపరింటెండెంటుగారు అడిగితే, "కొత్తది సరిపడలేదండి. పాతది పెట్టాను. ఇక పనిచేస్తుంది" అన్నారు. రిజిస్టరులోనూ ఆ మూడు వాక్యాలే ఉన్నాయి.

వారు పైకి వెళ్లేసరికి వదినగారికి స్పృహ తప్పింది. మరి కళ్లు తెరవలేదు. ఆమె చివరి మాట ఏమిటో, అప్పుడు మంచం పక్కనే ఉన్న వారి అమ్మాయి ఏడాది తరువాత నాకు చెప్పింది: "నాన్నని పని అయ్యాక తినేసి రమ్మను. పొద్దున్నించి ఏమీ తినలేదు."

ఆనాటి నుండి మాస్టారు భోజనాల గదికి రాలేదు. అల్మారా పక్కన గోడవైపు తిరిగి ఒక్కరే తినేవారు. ఆ వీపు చూస్తూ ఆరేళ్లు నా తప్పు చెప్పలేకపోయాను.

అచ్చుకు పంపేముందు వారు వినడం న్యాయమని, నిన్న మధ్యాహ్నం ఇక్కడిదాకా చదివి వినిపించాను.

"నువ్వేనని ఆ రోజే తెలుసు తమ్ముడూ. ఏ కంప్యూటరు నుంచి వెళ్లిందో కనిపిస్తుంది."

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

"ఏమనను? నన్ను లేపకూడదనేగా నొక్కావు." కాసేపు అల్మారా తాళం చేతిలో తిప్పారు. "అమ్మాయి నాకా మాట చెప్పలేదు. మళ్లీ చదువు."

చదివాను.

మాస్టారి విశ్రాంత జీవితం నిరామయంగా, సుదీర్ఘంగా, తమవారి నడుమ వేళకు భోజనంతో, కంటినిండా నిద్రతో సాగాలని సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకొంటున్నాను.

నిన్న నేను కాగితాలు మడిచాక, వారు తమ డబ్బా తీసుకొని భోజనాల గదికి నడిచారు. నేను నా డబ్బాతో వెనకే వెళ్లాను. పెద్ద నర్సు తన కుర్చీ పక్కకు జరిపింది. మాస్టారు డబ్బాలో సగం నా మూతలోకి వంపి, తమ సగం మెతుకు మిగల్చకుండా తిన్నారు.