ఎనామెల్‌తో రాసిన పేరు

రెండువేల ఇరవైనాలుగు, వానాకాలం. అప్పుడు రాశానురా అలీ, ఈ బోర్డు. స్టూలు కదలకుండా పట్టుకున్నది నువ్వే. ఇవాళేమో నాకు వీపు చూపించి కూర్చున్నావు. ఏడు నెలలైంది నాతో మాట్లాడి. మన షెడ్ల మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. నువ్వు లారీ డోరు మీద సుత్తి వేస్తే నా పెయింటు డబ్బాలు అదురుతాయి. అయినా మాట లేదు.

సరే, మాట్లాడకు. విను.

నేనేమన్నా నిన్ను కొనమన్నానా? "కొనండహో" అని రాశానా ఇక్కడ? ఏం రాశాను? మన ఎమ్మెల్యేగారి భార్య గండేపూడి శ్రీదుర్గ పేరున గోడౌన్ల కంపెనీలో షేర్లున్నాయి, జూన్‌లో కొన్నారు, ఆగస్టులో ఆ కంపెనీకి బైపాస్ పక్కన సర్కారు స్థలం ఇస్తామన్నారు అని. అంతేగా? సిగ్గుపడతారని రాశాను.

పుట్టింటి ఇంటిపేరుతో కొంటే ఎవరికీ తెలీదనుకుంది ఆవిడ. నాకు తెలీదా? వాళ్ల నాన్న లారీలన్నిటి మీదా ఆ ఇంటిపేరు రాసింది నేనే. అప్పటికి నాకు చదువు లేదు. బొమ్మ చూసి బొమ్మ గీసినట్టు దించేవాణ్ణి. యాభై దాటాక రాత్రిబడికెళ్లి నేర్చుకుని, ఓ పొద్దున్నే ఆ లారీ వెనక నిలబడి నేను రాసింది నేనే కూడబలుక్కుని చదివాను. నువ్వెంత నవ్వావు! "ఇన్నాళ్లూ ఏం రాస్తున్నావో తెలీకుండానే డబ్బులు తీసుకున్నావా గురూ" అన్నావు.

మొదట సుద్దముక్కతోనే రాశాను కదా ఈ సంగతి. వాన కడిగేసింది. మళ్లీ రాశాను. ఎమ్మెల్యేగారి మనుషులొచ్చి తడిగుడ్డతో తుడిచారు. నాకు మండింది. ఎర్ర ఎనామెల్ డబ్బా మూత తీశాను. "ఇప్పుడు తుడవండ్రా!" అన్నాను.

అక్కడితో ఆగానా? ఎమ్మెల్యే అయినా, వాళ్లింట్లోవాళ్లయినా, షేరు కొన్నా అమ్మినా వారంలోగా జనానికి చెప్పాలని పైవాళ్లకి రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పంపాను. 'అమ్మినా' అన్నదాని కింద గీత కూడా గీశాను.

మరి సిగ్గెవరు పడ్డారు? ఆయుధపూజ నాడు ఆటోనగర్ సగం ఈ బోర్డు ముందే ఉంది. "ఎమ్మెల్యేగారింట్లోనే కొన్నారంటే పైకి లేస్తుంది" అంటూ ఫోన్లు తీసి ఇక్కడే నిలబడి కొన్నారు. లారీ రంగు కోసం మైలవరం నుంచి వచ్చినాయన నాకు థాంక్సండీ అని చెప్పి మరీ వెళ్లాడు.

నువ్వు మాత్రం కొనలేదు. అప్పటికి.

నీ గొడవ నీది. సెప్టెంబర్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్లో నీ ఇంట్లోకి వచ్చింది. నువ్వూ మా చెల్లెమ్మ జమాల్ బీ హజ్ కోసం దాచుకున్నదాంట్లో సగం ఆ ఇంటికే పోయింది. అక్టోబర్లో హజ్ కమిటీవాళ్లు లాటరీ తీస్తే మీ ఇద్దరి పేర్లూ వచ్చాయి. డబ్బేమో ఒక్కరికే ఉంది. "నువ్వెళ్లిరా" అంది చెల్లెమ్మ. "నువ్వు లేకపోతే అక్కడ నా చెప్పులెవరు వెతుకుతారే" అన్నావు.

వడ్డీ డబ్బు ముట్టనన్నావు. నేనిస్తానంటే "నీ దగ్గర బ్రష్షులు తప్ప ఏమున్నాయి గురూ" అన్నావు. నిజమే. దీపావళి ముందు సోమవారం వచ్చి ఈ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డావు. "ఆవిడ ఇంకా ఉంచుకుందిగా షేర్లు?" అని అడిగావు.

నేనేమన్నాను? "బోర్డు మీద ఉందిగా" అన్నాను.

ఆ సాయంత్రమే కొన్నావు. నవంబర్లో స్థలం ఇచ్చే మాట వెనక్కి పోయింది. షేరు పడింది. రోజూ పడింది. అమ్ముదామంటే కొనేవాడు లేడు. ఆవిడ ముందే అమ్ముకుని బయటపడిందని అప్పుడు తెలిసింది అందరికీ. నాకూ ఇప్పుడే తెలిసిందిరా అని చెప్పాను నీకు. పెద్ద వాటాలున్నవాళ్ల పేర్లు కంపెనీ మూడు నెలలకోసారే బయటపెడుతుంది, మనమేం చేస్తాం అని కూడా అన్నాను.

అది అబద్ధం అలీ.

ఆ పేర్ల కాగితం మన వీధి చివర ఏంజెల్ నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకునేది నేనే కదా. అక్టోబరు కాగితం దీపావళికి పదమూడు రోజుల ముందే నా చేతికొచ్చింది. వేలు పెట్టి పైనుంచి కిందికి మూడుసార్లు చదివాను. ఆవిడ పేరు లేదు. నేను మెల్లగా చదువుతాను గానీ తప్పు చదవను.

వెంటనే థిన్నర్ తీశాను. గుడ్డ తడిపాను కూడా. సరిగ్గా అప్పుడే వాళ్ల మనుషులు బైకుల మీద పోతూ హారన్ కొట్టారు. ఇప్పుడు చెరిపితే ముసలోడు జడిశాడంటారు అనిపించింది. చెరపకపోతే పోయె, పక్కన 'అమ్మేసింది' అని ఒక్క ముక్క రాయొచ్చుగా? రాయొచ్చు. పండగ పోనీ, చూద్దాం అనుకున్నాను. గుడ్డ ఆరిపోయింది.

వాళ్లకి వారం గడువు పెట్టమన్నవాణ్ణి, నేను పదిరోజులు నోరు మూసుకున్నాను. నువ్వు ఎదురుగా నిలబడి అడిగినా తెరవలేదు. వాళ్ల ముందు తగ్గకూడదని. అంతకు మించి ఏం లేదు.

ఇవాళ పొద్దున్నుంచీ గీకుతున్నాను చూడు. చెయ్యి లాగేస్తోంది. ఇంకా 'దుర్గ' దగ్గరే ఉన్నాను. మంచి పెయింటది, నేనే ఏరి తెచ్చాను.

నువ్వు పెట్టింది మూడు లక్షల ఎనభై వేలు. మిగిలింది నలభై ఒక్క వేలు. మొన్న బక్రీద్ కూడా అయిపోయింది. నువ్వు హజ్‌కి వెళ్లలేదు. జమాల్ బీ వెళ్లలేదు.