మంచుచరియల గుడిసెలో నేను రాసిన నియమం

నా పేరు టొరిల్ బ్రెక్కె. వయసు యాభై మూడు. గ్రోవ్‌దాల్ పురపాలక సంఘంలో పంతొమ్మిదేళ్లుగా కంప్యూటర్లు చూసే ఉద్యోగం. మంచుచరియల హెచ్చరిక యంత్రాన్ని అనుమతి లేకుండా మార్చానని నా పై అధికారి స్వెర్రె నెస్ ఫిర్యాదు చేశారు. మార్చిన మాట నిజం. నేనే మార్చాను.

కొండ మీది పరికరాలు మంచు కదలికను పసిగట్టి రేడియోలో చెబుతాయి. కింద గుడిసెలోని కంప్యూటరు అది విని రోడ్డు గేటు దించుతుంది. దానికి తగిలించిన రేడియో పెట్టెను కంప్యూటరు ఒక ఫైలుగా చూస్తుంది. ఆ ఫైలు డిస్కులో ఉండదు. యంత్రం మొదలైన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. పుట్టినప్పుడు దాన్ని తెరిచే హక్కు హెచ్చరిక ప్రోగ్రాముకు ఉండదు. చేత్తో ఇవ్వాలి. కరెంటు పోతే ఇచ్చింది కూడా పోతుంది.

గుడిసెకు బయటి నెట్‌వర్కు లేదు. అందుకే పదకొండేళ్లుగా కరెంటు పోయినప్పుడల్లా స్వెర్రె నలభై నిమిషాలు కారు నడిపి వచ్చి ఆ అనుమతి ఇచ్చేవారు. శాశ్వతంగా సరిచేస్తానని మూడుసార్లు అడిగాను. మూడోసారి జనవరి 14న, ఆయన గదిలో.

"నువ్వు వచ్చేదాకా కొండ ఆగుతుందా, స్వెర్రె?" అన్నాను.

"చలికాలంలో దేన్నీ కదిలించకూడదని నిబంధన ఉంది కదా. ఇన్నేళ్లు నడిచింది. ఏప్రిల్లో చూద్దాంలే," అన్నారు.

ఫిబ్రవరి 6 మధ్యాహ్నం 1.20కి గుడిసెకు వెళ్లాను. డిస్కులో నాలుగు పంక్తుల నియమం రాశాను. ఈ నంబరున్న రేడియో పెట్టె కనబడగానే దాని ఫైలును హెచ్చరిక ప్రోగ్రాముకు తెరిచి ఉంచు, మరెవరికీ తెరవకు అని దాని అర్థం. యంత్రాన్ని ఆపి మొదలుపెట్టాను. అనుమతి నిలిచింది. మళ్లీ ఆపాను. నిలిచింది. పెట్టెను పీకి వేరే చోట తగిలించాను. నిలిచింది. హీటరు మీద ఆరేసిన నా చేతి తొడుగులు కాలి వాసన వచ్చింది. నేను లేవలేదు.

మార్చి 4 ఉదయం 10.42కి లోయలో కరెంటు పోయింది. 10.44కి వచ్చింది. కంప్యూటరు దానంతటదే మొదలైంది. 10.51కి గేటు పడింది. గేటు ముందు ఒడ్‌ని అనే ఆవిడ నడిపే మంచు తోసే బండి, దాని వెనక పిల్లల బస్సు ఆగాయి. ఒకటిన్నర నిమిషానికి కొండ మీది మంచు జారి దిగింది. రెండు వందల మీటర్ల రోడ్డు కప్పబడిపోయింది. అనుమతి ఇవ్వడానికి బయల్దేరిన స్వెర్రె కారు అప్పటికి ఇంకా దారిలోని సొరంగం దాటలేదు.

ఆ సాయంత్రం ఒడ్‌ని మా ఇంటికి వచ్చింది. "గేటు పడితే తిట్టుకున్నాను టొరిల్, ఆలస్యమవుతుందని. తర్వాత చూస్తే ముందు రోడ్డే లేదు," అని చెప్పి చాలాసేపు కూర్చుంది.

చేసినదానికి విచారిస్తున్నారా అని మీరు అడిగారు. లేదు. నిబంధన మీరాను, దానికి ఏ శిక్ష వేసినా సరే. కానీ పంతొమ్మిదేళ్లలో నేను రాసినవాటిలో ఆ నాలుగు పంక్తులే మేలైనవి. అది కూడా రాసుకోండి.

నిన్న స్వెర్రె ఫోన్ చేశారు. ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. "మిగతా రెండు గుడిసెల్లో కూడా అది రాసిపెట్టు," అన్నారు. కాగితం మీద ఆదేశం ఇవ్వమన్నాను. ఇచ్చారు. దాన్ని ఈ వాంగ్మూలానికి జతచేస్తున్నాను.

చదివి వినిపించగా విన్నాను. ఇందులో ఉన్నదంతా జరిగిందే. ఎవరి ఒత్తిడీ లేకుండా చెప్పి సంతకం చేస్తున్నాను.

(సంతకం) టొరిల్ బ్రెక్కె
గ్రోవ్‌దాల్ పోలీసు కార్యాలయం, మార్చి 11, ఉదయం 9.35