మంచుకొండకి మూడోసారి

సైన్యంలో ఎవరిని ఎక్కడికి బదిలీ చేయాలో లెక్కగట్టే కంప్యూటర్ ముందు, దానికి ప్రోగ్రాం రాసిన ఆమె. ఎదురుగా, టోపీ ఒళ్లో పెట్టుకుని ఒక సిపాయి.

“మేడం, మేం నాలుగు వందల మందిమి. మంచుకొండ మీదికి మీ కంప్యూటర్ మూడోసారీ నన్నే పంపుతోంది. దానికి నామీద పగా?”

“దానికి పగేం తెలుసండీ! పెళ్లికానివాళ్లను ముందు పంపాలని మీ హవల్దారు గారు చెప్తే, అలాగే రాశాను. అవునూ, మీకింకా పెళ్లెందుకు కాలేదు?”

“కొండ దిగితే కదా మేడం, పిల్లను చూసేది!”

“అయ్యో, ఈ మాట నాకు తట్టనే లేదు. ఉండండి, మీ పేరు తీసి చూస్తా... మీ బదులు మీ వైర్‌లెస్ ఆయన పేరొచ్చింది.”

“వాడా! వచ్చే వారమే వాడికి పెళ్లిచూపులు. వద్దులెండి, నన్నే పంపేయండి.”

“మీ పేరు కాదు, ఆ రూలే తీసేస్తా. ఇంతవరకూ ఒక్కసారీ కొండెక్కనివాళ్లే ముందు... అమ్మో!”

“ఎవరు మేడం?”

“మీ హవల్దారు గారే. పద్నాలుగేళ్లుగా ఈ ఆఫీసు దాటలేదట!”

“పాపం. నా కంబళి కూడా తీసుకెళ్లమనండి. అక్కడ ఒక్కటి చాలదు.”