బై పక్కన పేరు

కొవ్వూరులో వెంకటదుర్గ ఇల్లు. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పదో తరగతి కూతురు శ్రీదివ్య ఇంగ్లీషు గ్రామర్ అప్పజెబుతోంది.

"...చంపబడిందేంటే? అలా ఎవరు మాట్లాడతారు?"

"తెలుగులో మాట్లాడరమ్మా. ఇంగ్లీషులో మాట్లాడతారు. ది రాట్ వాజ్ కిల్డ్ బై ది క్యాట్. పిల్లి చేత ఎలుక చంపబడింది."

"బై అంటే టాటానా?"

"అబ్బా, అమ్మా! బై అంటే చేత. ఎవరు చేశారో దాని పక్కన రాస్తాం."

"అయితే ఇది చెయ్యి. నేను అన్నం వండాను."

"రైస్ వాజ్ కుక్డ్ బై మీ."

"వండింది నేనైతే నన్ను తీసుకెళ్ళి చివర కూచోబెట్టావేంటే?"

"అక్కర్లేదనుకుంటే అదీ తీసెయ్యొచ్చు. రైస్ వాజ్ కుక్డ్. అన్నం వండబడింది, అంతే."

"మార్కులు పోవూ?"

"పోవు. ఎవరు చేశారో తెలియకపోతే తీసెయ్యొచ్చు. అందరికీ తెలిసినా తీసెయ్యొచ్చు."

"చెప్పడం ఇష్టం లేకపోతే?"

"అప్పుడూ తీసెయ్యొచ్చు. అమ్మా, ఇంకోటి చేస్తాను, వింటావా? అమ్మ అన్నయ్యని రాజమండ్రి పంపింది."

"వద్దే."

"అన్నయ్య వాజ్ సెంట్ టు రాజమండ్రి. పంపబడ్డాడు. చూడు, ఇందులో నువ్వు లేవు."

"దివ్యా, ఇంక చాలు."

"మొన్న అన్నయ్య సంవత్సరీకానికి వచ్చినవాళ్ళందరికీ మళ్ళీ చెప్పావు. నా బీపీ బిళ్ళల కోసం నేనే పంపానండి, గోదావరి బ్రిడ్జి మీద లారీ గుద్దేసిందండి, నా కొడుకుని నేనే చంపుకున్నానండీ అని. నానమ్మ నీ చేతి మంచినీళ్ళు కూడా పుచ్చుకోలేదు."

"పెద్దావిడ. మనవడు పోయాడు. ఎవరో ఒకర్ని అనుకోవాలిగా."

"నిన్నెందుకు అనుకోవాలి? ఇకమీద ఎవరొచ్చినా పంపబడ్డాడు అను."

"అలాగే."

"అలాగే అంటావు, రేపెవరైనా వస్తే మళ్ళీ నేనే పంపానండీ అంటావు."

"అంటాను. అదే అంటాను. నువ్వు చదువుకో."

"మందుల షాపు మన సందు చివరే ఉందిగా అమ్మా. బిళ్ళలకి బ్రిడ్జి ఎందుకు దాటాడని ఎవరూ అడగలేదా?"

"నానమ్మ అడిగింది. ఇక్కడ లేవన్నారని చెప్పాను."

"లేవన్నారా?"

"ఆ చిక్కుడుకాయలిలా జరుపు."

"అమ్మా, ఆ రోజు నేను... అన్నయ్యతో..."

"నువ్వేం చెప్పక్కర్లేదు."

"చెప్పాలమ్మా. అన్నయ్య వెళ్ళింది బిళ్ళలకి కాదు, నా..."

"తెలుసు. స్కూటర్ తీస్తూ నాకు చెప్పే వెళ్ళాడు. చెల్లి రాజమండ్రి రోజ్ మిల్క్ అడిగిందమ్మా, తెచ్చేస్తానూ అని."

"తెలుసా? తెలిసీ... మరి అందరితో బిళ్ళలని ఎందుకన్నావమ్మా?"

"ఆ బై పక్కన ఎవరిదో ఒకరి పేరు రాస్తారు కదే. నీది రాయకుండా నాది రాయించుకున్నాను."